మెట్లు లేని ఇల్లు

బస్సు తలుపు తీయడానికి నేను చెయ్యెత్తగానే ఆ పిల్ల రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కింద కూర్చుండిపోయింది. వెనక సీట్లో పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మోచేతి పైన చర్మం కమిలి నల్లబడి ఉంది.

"ఏమైందే చిట్టీ?"

"మెట్ల మీంచి పడ్డాను అంకుల్." అప్పజెప్పిన పాఠంలా వచ్చింది ఆ మాట.

స్కూలు బస్సు నడిపేవాణ్ణి. ఆ ఇంటి ముందు రోజూ బండి ఆపేది నేనే. నేలకు ఆనుకుని ఉన్న ఇల్లు అది, గుమ్మానికి కూడా మెట్టు లేదు.

తల్లి లేని పిల్ల. పెంచుతున్నది మేనమామ. ఆయన కాంట్రాక్టరు. మా స్కూలుకు కొత్త గదులు కట్టిస్తున్నాడు, కమిటీలో మెంబరు కూడా. మరి మా స్కూల్లో ఒక రూలుంది. బస్సు వాళ్ళు స్టాఫ్‌రూములో అడుగు పెట్టకూడదు, టీచర్లు ఆయాలతో కబుర్లాడకూడదు, ఏదున్నా పెద్ద మేడమ్‌కే చెప్పాలి. అది క్రమశిక్షణ అనుకున్నాం, వెర్రివాళ్ళం. ఒకరు చూసింది ఇంకొకరి చెవిన పడకుండా చేసిన ఏర్పాటది.

నేనూ రూలు ప్రకారమే వెళ్ళి చెప్పాను.

"నువ్వు బండి చూసుకో. సంగతి నేను చూస్తాను," అంది మేడమ్.

మర్నాడు పిల్ల మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకొచ్చింది. కుంటుతూ బస్సెక్కింది. నా వైపు కన్నెత్తి చూడలేదు. నా ఒళ్ళు మండిపోయింది. మేనమామకు ఎవరో కబురు మోశారు. నేను మాట్లాడుతున్నప్పుడు గుమ్మం దగ్గర ఊడుస్తున్నది ఆయా ఒక్కతే. ఆవిడ మొగుడు ఆ కాంట్రాక్టరు దగ్గరే తాపీ పని చేస్తాడు.

బస్సు షెడ్డు దగ్గర నిలదీశాను. "నువ్వేగా మోసింది?"

"నేనా! నీ నోట మన్ను పడ! నీకంటే ముందే చెప్పాను మేడమ్‌కి. బట్టలు తడిస్తే మార్చబోయాను. వీపంతా వాతలు."

మా అరుపులకు లెక్కల టీచరమ్మ వచ్చింది. విని, ముఖం పాలిపోయి అంది: "నేనూ చెప్పాను. నాకూ అదే మాట చెప్పారు, 'నేను చూస్తాను' అని."

ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. కబురు మోసింది ఎవరో ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

భోజనాల బెల్లు కాగానే వాచ్‌మన్నూ, తోటమాలినీ, ఇంకో ఇద్దరు టీచర్లనూ పిలిచి బస్సెక్కించాం. అద్దాలు మూసేశాం.

"రుజువేదీ?" అన్నాడు వాచ్‌మన్. "రేపు కేసు మన మెడకే చుట్టుకుంటే?"

"రుజువు చేయడం మన పని కాదు," అంది టీచరమ్మ. "అనుమానమొస్తే చెప్పాలి, అంతే. చట్టంలో అదే ఉంది. నోరు మూసుకుంటే మనదే నేరం."

"చట్టం మా ఉద్యోగాలు కాపాడుతుందా?" అన్నాను.

"ఏమో అన్నా. ఒక్కరు చెబితే పీకేస్తారు. అందరం చెబితే పీకే ముందు ఆలోచిస్తారు."

ఆయా తల వంచుకుంది. "మా ఆయన పని పోతుంది," అంది. అంతలో ఆవిడే కొంగు బిగించి, "పోతే పోయింది. ఫోను కలపండి," అంది.

పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరుకు చేశాం. ఎవరి పేరు వాళ్ళం చెప్పాం. కంటితో చూసిందే చెప్పాం, ఊహించింది ఒక్క ముక్క కలపలేదు. "పిల్లను బడిలోనే ఉంచండి, బయల్దేరుతున్నాం," అంది అవతలి గొంతు.

అద్దాలు మూసిన బస్సు మేడమ్ కంట పడ్డట్టుంది. అధికారులకంటే ముందు కాంట్రాక్టరు కారు వచ్చింది.

"పిల్లను పంపండి, ఇంట్లో పనుంది," అన్నాడు చాలా మర్యాదగా. ఆ మర్యాద చూస్తేనే నాకు భయమేసింది.

ఆయా వెళ్ళి క్లాసు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "మా ఆయన్ని తీసేసుకో బాబూ. నేను లేవను."

పక్కన టీచరమ్మ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. తోటమాలి మట్టి చేతులతోనే వచ్చాడు. రుజువు అడిగిన వాచ్‌మన్ ఆయన కారు బయటికి పోకుండా గేటుకు తాళం వేసి అక్కడే నిలబడ్డాడు. వరండా నిండిపోయింది.

"లేవండి! అందర్నీ తీసేస్తాను!" అని అరిచింది మేడమ్.

"తీసేయండి మేడమ్," అంది ఆయా. "రేపు ఇంతమంది పిల్లల్ని ఎవరు చూస్తారో, అది కూడా మీరే చూడండి."

అధికారులు వచ్చాకే మేం లేచాం. ఒకావిడ తలుపు వేసుకుని పిల్లతో చాలాసేపు మాట్లాడింది. లోపల పిల్ల ఏం చెప్పిందో మాకు తెలియదు, తెలియనక్కర్లేదు. బయటికొచ్చాక మేనమామ కారు వైపు చూడకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్ళి జీపెక్కింది.

సాయంత్రానికల్లా టీచరమ్మనూ, ఆయానూ, నన్నూ గేటు బయటికి పంపేశారు. మిగతావాళ్ళు పని ఆపేసి మా వెంటే వచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లిదండ్రులు ఏమైందని గుచ్చిగుచ్చి అడుగుతున్నారు. ఆ పిల్ల పేరెత్తకుండా, మమ్మల్ని ఎందుకు గెంటేశారో గట్టిగా చెబుతున్నాం.

పొద్దుటినుంచీ దూరంగా చేతులు కట్టుకుని చూస్తున్న రెండో బస్సు డ్రైవరు మెల్లిగా వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"అన్నా, నా బండిలోనూ ఒక పిల్లాడున్నాడు. ఎవరికి చెప్పాలో తెలీక ఊరుకున్నాను. రేపు మాట్లాడదామా?"

"రేపెందుకు?" అని ఆయా అటు జరిగి చోటిచ్చింది. "ఏం చూశావో చెప్పు."