నొప్పికి ముందే ఎత్తిన చెయ్యి

నొప్పి ఎన్నాళ్ళ నుంచి అని పళ్ళ డాక్టరమ్మ ఆమెనే అడిగింది. జవాబు భర్త చెప్పాడు. చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటుందా అన్నదానికీ ఆయనే తలూపాడు, పన్ను తనదే అయినట్టు. పైవరసలో ముందు పళ్ళు రెండు కదులుతున్నాయని, చిగుళ్ళకు వైద్యం చేసి నిలబెట్టడానికి ప్రయత్నించవచ్చని, అందుకు చాలాసార్లు రావాలని ఆవిడ చెబుతుండగానే ఆయన అడ్డొచ్చాడు.

"అన్నిసార్లు సెలవు నేనెక్కణ్ణించి తేనండీ? పీకేసి కట్టుడు పళ్ళు పెట్టెయ్యండి. ఇంట్లో అందరం అనుకునే వచ్చాం."

అందరం అంటే ఆయనా, వాళ్ళమ్మా. కోడలు వంటింట్లో గిన్నెలు తోముతుంటే ముందుగదిలో తేలిపోయిన సంగతి. "పళ్ళు పోయినా నోరు పోదుగా" అని అత్తగారు నవ్వడం కుళాయి చప్పుడులో కూడా వినపడింది. ఆ నోటితోనే ఈమె పగలంతా బస్‌స్టాండు మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. ఊరంతా చెవొగ్గి వింటుంది. ఇంట్లో మాత్రం ఏ మాటా చివరిదాకా సాగనివ్వరు. ఆ రెండు పళ్ళూ పోతే మాట ఎలా పలుకుతుందోనని కొన్నాళ్ళుగా లోలోపలే నలుగుతోంది.

కుర్చీ వెనక్కి వాలింది. "నొప్పనిపిస్తే చెయ్యెత్తండమ్మా" అంటూ డాక్టరమ్మ పళ్ళు పీకడానికి మత్తుసూది అందుకుంది. నోటినిండా దూది. కాదందామన్నా మాట రాదు. సూది ఇంకా పెదవి దాటలేదు.

ఆమె చెయ్యెత్తింది.

"ఇంకా గుచ్చనే లేదు కదే" అని భర్త నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. దూది తీసి, కుర్చీ నిటారుగా లేపి, స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"నొప్పి లేదండీ," అంది ఆమె. "పీకాలా వద్దా అని నన్నెవరూ అడగలేదు."

డాక్టరమ్మ ఒక్క క్షణం తల దించుకుంది. పొరపాటు తనదేనని ఒప్పుకుని, మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది, ఈసారి ఆయన వైపు చూడకుండా. పీకితే పని తొందరగా తెములుతుందంది. నిలబెడితే ఎన్నేళ్ళుంటాయో హామీ ఇవ్వలేనంది. ఆమె అడిగిన ప్రతిదానికీ, అడిగిందే మళ్ళీ అడిగినా, ఓపిగ్గా బదులిచ్చింది.

"ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి."

"మరి ప్రతిసారీ ఎవరు తీసుకొస్తారు నిన్ను?" అన్నాడు భర్త.

"బస్సుల వేళలు నాకు కంఠతా వచ్చు. నేనే వస్తాలెండి."

ఆయన బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, విసుక్కోకుండానే, బయట కూర్చుంటానని వెళ్ళాడు. అదీ నయమే.

"చిగుళ్ళ పని ఇవాళే మొదలుపెట్టమంటారా, ఆలోచించుకుని వస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇవాళే," అంది ఆమె. కుర్చీలో తనే వెనక్కి వాలి, నోరు తెరిచింది.