ఎత్తేసిన బూడిద

సుస్మిత వస్తుందని కృపానందం ముందురోజే వర్క్‌షాపు ఊడ్పించాడు. ఆటోనగర్‌లో ఆఫీసర్లెవరు వచ్చినా ముందు జరిగే పని అదే. గేటుకు రంగు వేయించాడు. కొలిమి వెనక గుట్టగా పడి ఉన్న బూడిదను ట్రాక్టర్‌కెత్తించి పంపేశాడు.

ఆ వర్క్‌షాపులో తయారయ్యే బోల్టుల్లో సగం నెదర్లాండ్స్ వెళ్తాయి. ఈ ఏడాది నుంచి ఐరోపా వాటి మీద, తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి రుసుము వేస్తోంది. కట్టేది అక్కడ కొనే వ్యాపారి. ఎక్కువ కట్టాల్సి వస్తే ఇంకొకరి దగ్గర కొంటానని అతను మెయిల్ రాశాడు. అందుకే కృపానందం నిరుడు బొగ్గు మానేసి కొలిమిని ఊకకు మార్చాడు. పంట నుంచి వచ్చేది కాబట్టి ఆ లెక్కలో ఊకకు సున్నా. నిజంగా ఊకే మండిందో లేదో చూసి ధ్రువీకరించడానికి సుస్మిత హైదరాబాద్ నుంచి వచ్చింది.

"ఇవాళ ఊకే మండుతోంది, చూశాను. ఏడాదంతా ఇదే మండిందని ఎలా రాయను? కొన్న బిల్లులున్నాయా?"

"మిల్లువాళ్లు బిల్లివ్వరండి. లారీ పెట్టి ఎత్తుకుపోతే చాలంటారు."

"పోనీ, బూడిద ఉంటుంది కదా."

కృపానందం ఫోర్‌మన్ బడే మియా వైపు చూశాడు.

"మీరొస్తున్నారని నిన్ననే ఎత్తించేశామండి," అన్నాడు మియా. "పెళ్లివారిల్లులా ఉండాలన్నారు సారు."

సుస్మిత మూలకు నడిచి అక్కడున్న టార్పాలిన్ పట్టా పైకెత్తింది. కింద బొగ్గు ఉంది.

"అది పాతదండి," అన్నాడు కృపానందం. "కొనేవాళ్లు దొరక్క కప్పి ఉంచాం."

"నేనొచ్చే ముందురోజు బూడిద తీసేశారు, బొగ్గు ఉంచారు. నేనేమనుకోవాలండి?"

బూడిద ఇబ్రహీంపట్నం దగ్గర ఇటుకల యూనిట్‌కు వెళ్లింది. ముగ్గురూ కారులో బయల్దేరారు. కృపానందం ఏసీ వేయడం మరిచిపోయాడు. ఆమె అడగలేదు.

యూనిట్‌లో థర్మల్ కేంద్రం నుంచి వచ్చిన బొగ్గు బూడిద గుట్ట ఉంది. ట్రాక్టరువాడు ఊక బూడిద దాని మీదే దించాడు. పొద్దున లోడర్ రెండింటినీ కలిపేసింది.

కృపానందం గుట్టలోకి దిగి బూడిదను చేతుల్లోకెత్తి, వేళ్ల మధ్య నుంచి జార్చాడు. ఆకారం చెడని ఊక పొట్టు కొంచెం నల్లగా అరచేతిలో మిగిలింది.

"చూడండి. ఇది ఊకేనండి."

"ఊకే. మీ కొలిమిదని ఎలా రాయను? మిల్లుల బూడిద కూడా ఇక్కడికే వస్తుందని యూనిట్‌వాళ్లు అంటున్నారు."

"అయితే ఈ ఏడాదికి బొగ్గు కిందే రాస్తారా?"

"ఆధారం లేకపోతే ఐరోపావాళ్లు ముందే పెట్టిన అంకె పడుతుందండి. అది మీ పాత బొగ్గు అంకె కంటే ఎక్కువ."

మియా తల పక్కకు తిప్పుకున్నాడు. కృపానందం ఫోన్ మోగింది. వర్క్‌షాపు ఊడ్చే అమలమ్మ.

"సార్, కొలిమి కింద మళ్లీ బూడిద నిండింది. ఎత్తి పారబోయమంటారా?"

"ముట్టుకోవద్దమ్మా."

"రేపెవరైనా పెద్దవాళ్లొస్తే బాగోదు కదండీ."

"ఎవరొస్తారులే," అన్నాడు కృపానందం.