మలుపు దాటాక ఒక బోర్డు

బట్టల కొట్లోంచి బయటికి రాగానే, వచ్చిన దారి ఎటో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయే మనిషి మా అక్క. అందుకే ఆమెను పిలిచాను.

నేను బోర్డులు రాస్తాను. అడవి, చెరువు, కొండ మీద పాత కోట కలిసిన పార్కు ఒకటి ఉంది. కోటకని బయలుదేరినవాళ్లంతా చెరువు గట్టున తేలుతున్నారు. ముందు కోట దారికి బోర్డులు పెట్టి చూపించమన్నారు. బాగుంటే పార్కంతా నాకే ఇస్తారు. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటారు.

"బాగుందో లేదో తెలిసేదెట్లా?" అన్నాడు పార్కు అధికారి.

"మా అక్క ఒక్కతే కోటకు వెళ్లి తిరిగొస్తే బాగున్నట్టేనండీ."

ఆ మాట విని మా బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ అక్కా? పెరట్లోకి పోవాలన్నా నేను తోడుండాలిరా!"

అక్క లేచింది. బావ బూట్లు తీసి తొడుక్కుంది. అవి ఆమెకు వదులు.

"నా వెనకాల వచ్చారంటే చూడండి, వారం రోజులు మీ టీ మీరే పెట్టుకోవాలి" అంది.

బావ, అధికారి గేటు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. నేను చెట్ల చాటున అక్క వెనకే నడిచాను.

చీలిన బండ దగ్గర దారి రెండవుతుంది. అక్కడ నా బోర్డు తలుపంత ఉంది. అక్క చదివింది, బాణం గుర్తును వేలితో తాకింది, సరిగ్గా కోట వైపే తిరిగింది. నా ప్రాణం లేచొచ్చింది. మలుపు దాటి కొంచెం పోయిందో లేదో ఆగింది. ముందు కోట కనబడదు, వెనక బోర్డు కనబడదు. వెనక్కి వచ్చి మళ్లీ చదివింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ అక్కడే ఆగింది. చివరికి బోర్డు మీద విరుచుకుపడింది.

"ఒక్క ముక్క చెప్పి నోరు మూసుకుంటే ఎట్లా? తర్వాత నా గతేంటి?"

అప్పుడు తెలిసింది నాకు. ఎటు పోవాలో చెప్పే బోర్డు పెట్టాను. కానీ అనుమానం వచ్చేది అటు పోయాక. అక్క ఇలా ఆగినప్పుడల్లా పక్కనుండి బావ ఏమంటాడో నాకు తెలుసు.

ఆ రోజు అక్క గేటుకే తిరిగొచ్చింది. బావ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఇంకొక్కసారి చూడమని అధికారిని బతిమాలుకున్నాను.

తర్వాతి ఆదివారానికి ప్రతి మలుపు దాటాక ఒక చిన్న బోర్డు పాతాను. దాని మీద ఒకటే మాట: ఇటే, పదండి.

అక్క మొదటిదాని దగ్గర ఆగింది. "అచ్చం ఆయనే!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. కోట గోడ ఎక్కి గాలికి నిలబడేదాకా చూశాను. ఇక నాకేం పని? ఆమెకంటే ముందే గేటు చేరి చెబుదామని అడ్డదారిన పడి నడిచాను.

చెరువు వచ్చింది.

నేను గేటు చేరేసరికి అక్క బూట్లు విప్పి బెంచీ మీద కాళ్లూపుతోంది.

"మా తమ్ముడు తప్పిపోయాడండీ. చెరువు దగ్గర కూడా బోర్డు పెట్టించండి" అంటోంది అధికారితో.

"ఆయనే పెడతాడు లెండి. పార్కంతా ఆయనదేగా" అన్నాడు అధికారి.

గేటు బయటికి వచ్చాం. అక్క ఠీవిగా ముందు నడుస్తూ, ఇల్లు కుడివైపైతే ఎడమకు తిరిగింది. నేను నోరు తెరవబోయాను. బావ నా చెయ్యి నొక్కాడు.

"ఊఁ, ఇటే, పద" అంటూ ఆమె వెనకే నడిచాడు.