గేటు లేవాలి, గేటు లేవకూడదు

నేను ఒక గేట్ల పెట్టెను. నిలువెత్తు ఇనుము, లోపల తీగలు, ముఖాన దీపాలు. నెల్లూరు మెట్టలో ఒక చిన్న జలాశయం గేట్లను చాలా ఏళ్ళు నేనే ఎత్తించాను, నేనే దింపించాను. తెలివిగలదాన్ననుకునేరు. నాకున్నదల్లా మనుషులు చెప్పిన మాటలు. ఆ మాటలతోనే నా బతుకంతా తికమకైంది.

హైదరాబాదులో ఒక షెడ్డులో నన్ను బిగించి రెండు నియమాలు అప్పగించారు. నీరు ఎర్రగీత తాకితే గేట్లు లేవాలి; లేవకపోతే కట్టకు ప్రమాదం. కింద ఏటిలో మనుషులుంటే గేట్లు లేవకూడదు; లేస్తే కొట్టుకుపోతారు. రెండూ ఎంత మంచి మాటలు అని మురిసిపోయాను.

నన్ను పంపేముందు పరీక్షకని వకుళ అనే అమ్మాయి వచ్చింది. తర్కశాస్త్రం చదువుకున్న మనిషి. స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. నీటికి ఒక అక్షరం, మనిషికి ఒక అక్షరం, గేటుకు ఒక అక్షరం పెట్టి, నా నియమాలను లెక్కల్లా రాసి, ఈ రెండూ కలిసి నిలబడని సందర్భం ఏదైనా ఉందా అని కంప్యూటరును అడిగింది. అది రెప్పపాటులో చెప్పింది: నీరు ఎర్రగీత మీద ఉంది, మనిషి ఏటిలో ఉన్నాడు. గేటు లేవాలి. గేటు లేవకూడదు.

షెడ్డు పెద్ద పరాంకుశం గారు నవ్వేశారు. సైరను మోగుతుంది, జనం వెళ్ళిపోతారు, ఆ రెండూ ఒకేసారి ఎందుకొస్తాయన్నారు. జనం వెళ్ళిపోతారని ఏ వాక్యంలో ఉందని వకుళ అడిగింది. లేకపోతే రాసేద్దామని ఆయన అప్పటికప్పుడు ఒకటి రాశారు: 'సైరను మోగాక ఏటిలో ఎవరూ ఉండరు.' మళ్ళీ చూస్తే కంప్యూటరు అంతా క్షేమమంది. నేను బిత్తరపోయాను. ఒక్క వాక్యం రాస్తే ఏటిలో మనుషులు మాయమైపోతారా?

వకుళ సంతకం పెట్టలేదు. "మనం రాసినంత మాత్రాన వాళ్ళు లేచి వెళ్ళరు సార్" అంది.

జలాశయం చూడటానికి వెళ్ళి, రెండు రోజులకు తిరిగొచ్చింది. అక్కడ ఏటిలో బాతులు మేపుకునే చెంగయ్య అనే పెద్దాయనను, సైరను వింటే వెళ్ళిపోతావా అని అడిగిందట. "బాతులొస్తే పోతానమ్మా. అయి రాకుండా నేనెట్టా పోయేది?" అన్నాడట. ఈ మాట ఆమె చెబుతున్నప్పుడు పరాంకుశం గారు నవ్వలేదు.

నా నియమాలు మారాయి. ఎర్రగీతకు చాలా కింద పసుపుగీత ఒకటి గీశారు. నీరు అక్కడికి రాగానే సైరను మోగించి, ఏటి వాళ్ళకు ముప్పు లేనంతగా గేట్లను జానెడు ఎత్తాలి. గేట్లు కాచే లస్కరు ఏటిలోకి దిగి చూసి, ఖాళీ అని చెప్పాకే పూర్తిగా ఎత్తాలి. అయినా కుండపోత వాన కురిస్తే పాత చిక్కు మిగిలే ఉందని కంప్యూటరు చూపించింది. ఆ ఒక్క సందర్భంలో నేను గంట కొట్టి ఊరుకోవాలి, నిర్ణయం ఇంజనీరుది.

నన్ను జలాశయానికి చేర్చాక రెండేళ్ళు ఏ గొడవా లేదు. మూడో ఏడు కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆకాశం తూటు పడినట్టు వాన. పసుపుగీత దాటింది. సైరను మోగించాను, గేట్లు జానెడు లేపాను. లస్కరు యోనా ఏటి వైపు పరుగెత్తాడు. ఇంజనీరు సుగుణాకర్ నా ముందు నిలబడ్డాడు. కుర్రవాడు, కొత్తగా పెళ్ళయినవాడు.

ఫోనులో యోనా గొంతు వినబడింది. "సార్, చెంగన్న ఏట్లో అవతలి దిబ్బ మీద ఉండాడు. బాతుల్ని తోలతా ఉండాడు."

"వదిలేసి రమ్మను."

"రానంటుండాడు సార్."

నీరు ఎర్రగీత తాకింది. నేను గంట కొట్టాను. ఇక నాకు చేతనయింది లేదు. సుగుణాకర్ మీట మీద చెయ్యి వేశాడు. ఎర్రగీతకూ కట్ట అంచుకూ మధ్య కొంత జాగా ఉందని అతనికి తెలుసు. ఈ వానకు అది ఎంతసేపు ఆగుతుందో తెలియదు. కట్ట కింద ఒక ఊరుంది. నీరు ఎర్రగీత మీద బెత్తెడు పెరిగింది. అతను మీట నొక్కలేదు.

చివరకు యోనా నడుంలోతు నీళ్ళలో దిబ్బకు చేరి, చెంగయ్యను చంకలో ఇరికించుకుని గట్టుకు లాక్కొచ్చాడు. ఖాళీ అన్న కబురు వచ్చిన మరుక్షణం గేట్లు లేచాయి. కట్ట నిలిచింది. ఊరు నిలిచింది. బాతులు పోయాయి. ఈతగాళ్ళు కదా, కొన్ని దిగువన దొరికాయి. చాలావరకు దొరకలేదు.

మర్నాడు చెంగయ్య నా దగ్గరికి వచ్చాడు. "నన్నెందుకు తెచ్చినావయ్యా?" అని యోనాను అడిగాడు. నా నియమాల్లో బాతు అన్న మాటే లేదు.

నా ముందే జరిగిన విచారణలో యోనాకు శాలువా కప్పారు. నీటిని ఎర్రగీత దాటనిచ్చినందుకు సుగుణాకర్‌కు మెమో ఇవ్వబోయారు. ఇద్దరూ చేసింది ఒకటే పని కదా, ఇదేమిటని నేను తల బద్దలు కొట్టుకున్నాను. విచారణకు పిలిపించిన వకుళ లేచి, అక్కడ నిర్ణయం మనిషిదేనని నియమంలోనే ఉందని చూపించింది.

"మనిషే తేల్చుకోవాలంటే ఇంత లెక్క ఎందుకమ్మా?" అని పెద్ద అధికారి అడిగాడు.

ఆమె నియమాల కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. "లెక్క ఎక్కడ చాలదో ముందే తెలియాలి కదా సార్. తెలిసింది కాబట్టే ఆ రోజు అక్కడ ఒక మనిషి ఉన్నాడు."

మెమో ఆగింది.

ఇప్పుడు నా చోట కొత్త పెట్టె వచ్చింది. నన్ను మూలకు జరిపారు. కొత్తదానికి నియమాలు రాసేటప్పుడు ఎవరో జాలిపడి 'మనుషులు' పక్కన 'పశుపక్ష్యాదులు' అని చేర్చారట. వకుళ సరిచూస్తే, ఇక గేటు ఎన్నటికీ లేవదని తేలిందట. ఏటిలో కొంగ లేని రోజేది? ఆ మాట కొట్టేశారు.

చెంగయ్య మళ్ళీ బాతు పిల్లల్ని తెచ్చుకున్నాడు. మబ్బు పడితే చాలు, గీతలూ సైరన్లూ రాకముందే యోనా నాకు ఆనుకుని నిలబడి ఫోను తీస్తాడు. ఆ పని చెయ్యమని ఏ నియమంలోనూ లేదు. ఎవరూ సరిచూడలేదు. ఎందుకు చేస్తాడో నాకు అంతుపట్టదు.

"చెంగన్నా, పడమర నల్లబడతా ఉండాది. తోలుకో."