జరయా వాకిటి సేవ

వర్డెల్‌కి కోపం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. చర్చిలో ప్రార్థన మధ్యలో తలుపు చప్పుడు చేస్తే చాలు. కానీ ఆ సోమవారం వచ్చిన కోపానికి మాత్రం గట్టి కారణమే ఉంది. ఎనిమిదేళ్ళ మనవరాలు జరయా బడినుంచి వచ్చి, అట్టతో చేసిన సూర్యుణ్ణి తీసి బల్లమీద పెట్టింది.

ఫిబ్రవరి వచ్చిందంటే, అమెరికా అంతటా ఉన్నట్టే ఆ బడిలోనూ నల్లవాళ్ళ చరిత్ర పండగ. పిల్లలంతా వేదికెక్కి పాతతరం వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్తారు. జరయాకి నత్తి. నలుగురి ముందు నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. అందుకని టీచరు తనని తెర వెనక నిలబడి ఆ సూర్యుణ్ణి పైకెత్తమంది.

"అయితే నువ్వు ఎవరికీ కనబడవా?" అంది వర్డెల్.

"చే... చేతులు కనబడతాయి."

పిల్ల ఏడవలేదు. ఏడుపు మింగడం అప్పుడే నేర్చేసుకుందా ఇది, అనుకుంది వర్డెల్.

మర్నాడు పొద్దున్నే బడికెళ్ళింది. టాలివర్ టీచరు చిన్నపిల్ల, బర్మింగ్‌హామ్ పట్నం నుంచి కొత్తగా వచ్చింది. వర్డెల్‌ని చూడగానే లేచి కుర్చీ వేసింది.

"దాన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం నాకిష్టం లేదండీ," అంది.

"నవ్వేవాళ్ళని కదమ్మా నువ్వు అదుపులో పెట్టాలి? పిల్లని దాచేస్తే ఎలా?"

టీచరు మొహం చిన్నబోయింది. "చరిత్ర అంటే చెప్పాలి కదండీ. దానికి మాటలు రావే."

"మా అమ్మా చెప్పలేదు. చేసింది," అంది వర్డెల్, అప్పుడు కూర్చుంటూ.

పందొమ్మిదివందల అరవై అయిదులో ఒక సాయంత్రం, నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం రెండొందలమంది వాళ్ళ చర్చిలో కూడారు. ముందు తలుపు బయట షెరీఫ్ పంపిన పోలీసులు కర్రలు పట్టుకుని కాచుక్కూర్చున్నారు. వర్డెల్ వాళ్ళమ్మది వాకిటి సేవ. అంటే వచ్చినవాళ్ళని సైగలతో వాళ్ళ చోట్లలో కూర్చోబెట్టే పని. తెల్ల గ్లౌజులు, ఎడంచెయ్యి నడుం వెనక్కి, నోట మాటుండదు. పాట పాడుతున్న పాస్టరుకి ఆపొద్దని సైగ చేసి, ఒక్కో వరసనీ వేళ్ళతోనే లేపి, వెనక తలుపులోంచి పత్తిచేలోకి పంపేసింది. చివరికి పాస్టరుని కూడా పంపింది. పాట ఆగగానే బయటివాళ్ళు తలుపు బద్దలుకొట్టుకొచ్చారు. లోపల ఆవిడొక్కతే ఉంది. మూడురోజులు జైల్లో పెట్టారు.

"నాకప్పుడు పదకొండేళ్ళు. వేలు చూపించి వెళ్ళమంది, వెళ్ళిపోయాను. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడెవరూ మాట్లాడలేదుగా, ఏం రాస్తారు?"

టీచరు మెల్లిగా, "జరయాకి ఆ సైగలు నేర్పుతారా?" అంది.

"కొత్తగా నేర్పేదేముంది, పుట్టినప్పట్నుంచీ ప్రతి ఆదివారం నన్ను చూస్తూనే ఉందిగా," అంది వర్డెల్. వాళ్ళమ్మ చేసిన ఆ సేవ ఇప్పుడు ఆవిడది.

పండగ రోజు జరయా హాలు వాకిట్లో నిలబడింది. గ్లౌజులు కాస్త పెద్దవయ్యాయి. వర్డెల్ దూరంగా గోడకి ఆనుకుని చూస్తోంది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే ఉంది పాపం.

భారీ మనిషొకడు గబగబా వచ్చి, "ఏ పాపా, ఎక్కడ కూర్చోను? నోట్లో నాలుక లేదా?" అన్నాడు.

పిల్ల పెదవి వణికింది. వర్డెల్ ఒక అడుగు వేసి, ఎలాగో ఆగింది. జరయా అరచెయ్యి ఎత్తింది. ఆయన ఆగాడు. ఒక్కరికి చోటుందన్నట్టు ఒక వేలు చూపించి, నాలుగో వరస వైపు చెయ్యి చాపింది.

"వెళ్ళి కూర్చో నాయనా," అంది వెనకనున్న ముసలమ్మ. "సేవలో ఉన్నవాళ్ళతో మా పాస్టరే వాదించడు."

తర్వాత ప్రిన్సిపాల్ చూయింగ్ గమ్ నములుతూ వచ్చాడు. జరయా కాగితం రుమాలు తీసి సరిగ్గా ఆయన గడ్డం కింద పట్టింది. పెద్దాయన కిక్కురుమనకుండా ఉమ్మేశాడు. చర్చి నుంచి వచ్చిన పెద్దవాళ్ళ వరసలో నవ్వాపుకోలేక భుజాలు కదిలాయి.

అందరూ కూర్చున్నాక టీచరు అరవై అయిదు నాటి ఆ సాయంత్రం కథ చెప్పింది. పాస్టరు వేషం కట్టిన కుర్రాడు పాట ఎత్తుకున్నాడు. జరయా వరసల మధ్యకొచ్చి వేళ్ళు కదిపింది. పిల్లలు లేచి వెనక తలుపులోంచి వెళ్ళారు. టీచరు అనుకున్నది అంతవరకే. కానీ జరయా ఆగలేదు, పెద్దవాళ్ళ వరస వైపు తిరిగింది. జీవితమంతా ఆ సైగకి లేచిన మనుషులు వాళ్ళు. ఊతకర్రలు పట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మాట లేకుండా లేచి నడిచారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ లేచారు. చివరికి పాటగాడూ వెళ్ళిపోయాడు.

ఖాళీ కుర్చీల మధ్య జరయా ఒక్కతే నిలబడింది, ఎడంచెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని.

వర్డెల్‌కి కళ్ళు మసకబారాయి. తను పత్తిచేలో పరిగెడుతున్నప్పుడు అమ్మ లోపల ఇలాగే నిలబడిందన్నమాట. అరవయ్యేళ్ళుగా తలుచుకుంటూనే ఉంది కానీ, ఆ నిలబడటం ఎలా ఉంటుందో ఇప్పుడే చూసింది.

జరయా గోడ వైపు తిరిగి ఒక వేలు చూపించింది. వెళ్ళమని.

వర్డెల్ తల అడ్డంగా ఊపింది.

పిల్ల దగ్గరికొచ్చి గుసగుసగా, "అ... అమ్మమ్మా, నువ్వూ వెళ్ళాలి కదా," అంది.

"నేనొకసారి వెళ్ళాన్లే తల్లీ," అంది వర్డెల్. "ఈసారి వెళ్ళను."

ఎడంచెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని, మనవరాలి పక్కన నిలబడింది.