మోకాలి బాబాయ్ మంచం

మోకాలి బాబాయ్ మంచానికి ఎసరు పెట్టింది ఊఁకొట్టు మేడమే. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా బాబాయ్ చెబుతూనే ఉంటాడు.

నర్సింగ్ కాలేజీ రెండో అంతస్తులో, చివరి గది ఉత్తుత్తి వార్డు. అక్కడ కిటికీ పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని రోగిలా పడుకోవడం బాబాయ్ ఉద్యోగం. ఎనిమిదో తరగతితో చదువు మానేసి, నడుం విరిగేదాకా అద్దె వ్యాను తోలిన మనిషికి అంతకంటే మెత్తటి ఉద్యోగం ఎవరిస్తారు? నర్సు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అతని దగ్గర ఓదార్చడం నేర్చుకోవాలి. మేడమ్ రాసిచ్చిన కథ ప్రకారం అతనికి మోకాలి నొప్పి. దాని వెనక దాచుకున్న దిగులొకటి ఉంటుంది. పిల్లలు సరిగ్గా మాట్లాడితేనే దాన్ని బయటపెట్టాలి. లేకపోతే "బానే ఉన్నానమ్మా" అని గోడవైపు తిరిగిపోవాలి.

సరిగ్గా అంటే ఏమిటో మేడమే తేల్చింది. రోగి కళ్ళకు సమానంగా కూర్చోవాలి. చెయ్యి పట్టుకోవాలి. మాటకు అడ్డు రాకూడదు. నడుమ ఊఁ కొట్టాలి. ఆ ఊఁ ముక్కులోంచి కాక గుండెలోంచి రావాలని తరగతి మొత్తం చేత ఒక్కసారే అనిపించేది. వరండాలో వెళ్ళేవాళ్ళు లోపల నీళ్ళ మోటారు వేశారనుకునేవారు.

బాబాయికి ఆ మంచమంటే ప్రాణం. ఇంట్లో నోరు తెరిస్తే భార్య, "మళ్ళీ మొదలెట్టావా? ముందా బకెట్ ఇటు జరుపు," అనేది. ఇక్కడ ముక్కుపచ్చలారని పిల్లలు వరసకట్టి వచ్చి, "ఎలా ఉంది బాబాయ్?" అని అడిగి, చెప్పేదాకా కదిలేవారు కాదు. మేడమ్ రాసిన దిగులు పక్కన పడేసి తన సొంత గోడు మొత్తం వాళ్ళ ముందు పరిచేవాడు. వాళ్ళు మార్కుల కోసం ఊఁ కొడితే కొట్టనీ. ఎందుకోసం కొట్టినా ఊఁ ఊఁయే.

ఈ ఏడాది పక్క మంచం మీదికి ఒక రబ్బరు ముసలాయన దిగాడు. కళ్ళ వెనక నీళ్ళ సీసా, మెడలో మోటారు, గొంతులో మాటలు. చెయ్యి పట్టుకుంటే చాలు, కన్నీళ్ళు జలజలా కారుస్తాడు.

"వీడెవడు?" అన్నాడు బాబాయ్.

"మీ తోటి రోగి," అంది మేడమ్. "ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. మీరు రోజుకో కథ చెబుతున్నారు. నిన్న మోకాలు ఎలా ఉందని అడిగితే మీ అన్నగారు ఎత్తుకెళ్ళిన కుట్టుమిషను దాకా వెళ్ళారు. రేపటి పరీక్షలో పిల్లల చేత ఎవరు బాగా ఓదార్పు రప్పిస్తే వాళ్ళ మంచం ఉంటుంది. రెండోది తీసేసి బీరువా పెట్టిస్తాను."

ఆ సాయంత్రం భార్య అంతా విని, "జీతం అడుగుతాడా?" అంది.

"అడగడు."

"తిండి?"

"తినడు."

"మరి నోరు?"

"చెయ్యి పట్టుకుంటేనే విప్పుతాడు."

"ఎవరు చేసుకున్నారో గానీ అదృష్టవంతురాలు," అని ఆవిడ గిన్నెలు సర్దుకోవడానికి లేచిపోయింది.

పరీక్షలో ముందుగా కళ్ళజోడు పిల్ల వచ్చింది. బాబాయ్ చేతిని పట్టుకుని, చక్కగా ఊఁ కొట్టి, పక్క మంచానికి జరిగింది. అక్కడ బొమ్మ ఒక్క నిట్టూర్పు విడిచిందో లేదో పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

"నా దగ్గర ఏడుపు రాలేదేం?" అన్నాడు బాబాయ్.

"మీరు తట్టుకోగలరు బాబాయ్. పాపం ఆయన…"

"ఆయనేంటే, రబ్బరు!"

"మెల్లిగా. వింటారు."

తరవాత వచ్చినవాళ్ళదీ అదే తీరు. బాబాయికి కడుపు మండిపోయింది. టీ తాగడానికి అందరూ బయటికి పోగానే దుప్పటి విసిరికొట్టి లేచాడు. బొమ్మ ఇంకా నీళ్ళు కారుస్తూ గొణుగుతూనే ఉంది. దాని స్విచ్చి ఎక్కడుందో కనిపెట్టి గొంతు నొక్కేస్తే పీడ వదులుతుందనుకున్నాడు. గోడకున్న నల్లద్దం వెనక మేడమ్ కూర్చుని మార్కులు వేస్తుందన్న సంగతి ఆ కోపంలో గుర్తే రాలేదు.

గడ్డం కింద చూద్దామని స్టూలు మీద వంగి కూర్చున్నాడు. దాని కళ్ళూ అతని కళ్ళూ సమానమయ్యాయి. అరచేతిలో ఏదైనా దాచారేమోనని చెయ్యి పట్టుకుని తడిమాడు. మోటారు చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియడానికి నోరు మూసుకుని విన్నాడు. వేలు మెడ వెనక్కి పోనిచ్చి బలంగా లాగేసరికి, అతని పొట్ట అడుగునుంచి ఒక ఊఁ వచ్చింది.

బొమ్మ తల అతనివైపు తిరిగింది. ఏ పిల్లా ఇంతవరకు రప్పించలేని మాట దాని గొంతులోంచి వచ్చింది.

"నాకు మోకాలి నొప్పి లేదయ్యా. ఎవరైనా వచ్చి కూర్చుంటారని పడుకున్నాను."

స్విచ్చి వేలికి తగులుతూనే ఉంది. బాబాయ్ నొక్కలేదు. తన లోపలి మాట ఈ రబ్బరు నోట్లోకి ఎలా వచ్చిందో తెలియడానికి అట్టే సేపు పట్టలేదు. రాసింది మేడమ్. మంచమే కాదు, బాధ కూడా లాక్కుంది. అయినా అతని చెయ్యి దానంతటదే కదిలి, జారిపోయిన దుప్పటి తీసి బొమ్మ భుజాలమీద కప్పింది.

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"నూటికి నూరు! ఈ వార్డులో ఇంతవరకు ఎవరికీ రాలేదు."

"అయితే మంచం నాదే కదమ్మా?"

"ఓదార్పులో పాసైనవాళ్ళు రోగి మంచం ఎక్కకూడదండీ. రూలు."

"పోనీ నర్సు ఉద్యోగమివ్వండి."

"దానికి మీ ఎనిమిది చాలదు."

"ఓదార్చలేదు తల్లీ," అన్నాడు బాబాయ్, ఇక దాచి లాభం లేదని. "దాన్ని ఆపేద్దామని స్విచ్చి వెతికాను. కావాలంటే సున్నా వెయ్యండి."

మేడమ్ స్టూలు లాక్కుని అతని కళ్ళకు సమానంగా కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. అడ్డు రాకుండా చివరిదాకా విని, గుండెలోంచి అంది.

"ఊఁ."

టీ అయ్యాక ఇద్దరు మనుషులు వచ్చి కిటికీ పక్క మంచం ఎత్తుకుపోయి, ఆ చోట బీరువా నిలబెట్టారు. ఆ మంచం పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు. పద్దెనిమిది చదరపు అడుగులు పోయాయి బాబాయికి, కిటికీ గాలితో సహా.