గడప దాటేదాకా తిప్పని పేజీ

మా మావయ్య షరతు ఒక్కటే. మూడో మనిషి కొలతలు కూడా కంప్యూటర్ మింగేస్తే, మర్నాటి నుంచి మళ్ళీ పుస్తకమే.

ఆయన వాచిన పాదాలకూ, వంకర వేళ్ళకూ, ఒకటి పొట్టీ ఒకటి పొడుగూ అయిన కాళ్ళకూ సరిపోయే బూట్లు కుడతారు. ఒక్కో పాదానికి పదకొండు కొలతలు. ఆయన టేపు పెట్టి అంకె పైకి చెబుతారు, నేను రాస్తాను. ఇరవై ఏళ్ళ పుస్తకాలు చెమ్మకు అట్టకట్టుకుపోతుంటే, ఆరు నెలలు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. మనిషికో వరుస. పేరు కొడితే చాలు, ఆ మనిషి పాదాలు తెర మీద. మళ్ళీ పుస్తకమంటే నా ఆరు నెలలూ బూడిదలో పోసిన పన్నీరే.

అప్పటికే ఇద్దరివి పోయాయి. ఒకటి బస్సు డ్రైవరుది, ఒకటి నర్సుది. కరెంటు పోయి వచ్చేసరికి వాళ్ళ వరుసలు ఖాళీ. మిగతా ఆరువందల మందిలో ఒక్కరిదీ చెక్కుచెదరలేదు. డ్రైవరు రెండోసారి వచ్చి బూటు విప్పుతూ, తన కాళ్ళు మాకు అంతగా నచ్చాయా అని అడిగాడు. మావయ్య నవ్వలేదు.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. వచ్చిన మనిషి గడప దాటేదాకా పేజీ తిప్పకూడదు. మావయ్య తండ్రిగారి నాటి మాట అది. అసలు సంగతి జనానికి గడప దగ్గరే గుర్తొస్తుందట. మడమ ఒరుసుకుంటుందనో, సాయంత్రానికి కాలు ఉబ్బుతుందనో. పేజీ తిప్పేస్తే ఆ మాట ఇంకొకరి పాదాల కింద పడుతుందని ఆయన భయం. పుస్తకం పోయినా పద్ధతి పోలేదు. మనిషి వెళ్ళేదాకా నేనూ ఆ వరుస మీదే ఉండేదాన్ని.

ఆ మధ్యాహ్నం లెక్కల టీచరమ్మ వచ్చింది. ఎడమకాలు ఒకటిన్నర అంగుళాలు పొట్టి. ఇరవై రెండు కొలతలూ అయ్యాక గడప మీద నిలబడి మా అత్తయ్యతో తన మరదలి వంట గురించి చెప్పుకుంటోంది. కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ తెరిచి చూస్తే టీచరమ్మ వరుస తెల్లగా ఉంది.

మావయ్య నా భుజం మీంచి ఆ వరుస చూశారు. లేచి వెళ్ళి అటక మీంచి పుస్తకం దించి, దుమ్ము దులిపారు.

నేను తెర వంకే చూస్తూ కూర్చున్నాను. ముగ్గురికీ ఒక్క పోలిక ఉంది. ముగ్గురూ గడప దగ్గర కబుర్లు పెట్టుకున్నవాళ్ళే. రాస్తున్న వరుస మొదట్లో చిన్న పెన్సిల్ బొమ్మ కనిపిస్తుంది, కింది వరుసలోకి దిగగానే మాయమవుతుంది. ఇన్నాళ్ళూ అదేదో అలంకారం అనుకున్నాను. పెన్సిల్ ఉన్నంతసేపూ రాసింది ఇంకా దాచలేదని అది చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

"మావయ్యా, పాదాలు ఎక్కడికి పోతున్నాయో తెలిసింది," అన్నాను. "ఒక్క పావుగంట మీ కాలివ్వండి."

కోడలి ముందు కాలు చాపడానికి ఆయన మొహమాటపడ్డారు. టీచరమ్మ తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటూ, అందరికీ బూట్లు కుట్టి తమరేమో తెగిన చెప్పులు వేసుకుంటారా అంది. టేపు అత్తయ్య అందుకుంది.

"నలభై ఏళ్ళుగా ఈ కాళ్ళ వెనకే నడుస్తున్నా. ఎంతున్నాయో చూడ్డం ఇవ్వాళే," అంది.

ఆమె చెప్పిన పదకొండు అంకెలూ రాసి, ఆ వరుస మీదే ఆగాను. మిగతావాళ్ళ వివరాలకు పొద్దున్నే నకలు తీసి పెట్టుకున్నాను కాబట్టి ధైర్యంగా ప్లగ్గు పీకాను. మళ్ళీ పెట్టి తెరిస్తే మావయ్య పాదం లేదు. రెండోసారి అవే అంకెలు రాసి, కింది వరుసలోకి దిగి, పెన్సిల్ పోయాక పీకాను. ఈసారి పాదం ఎక్కడికీ పోలేదు.

"లెక్క తేలింది," అంది టీచరమ్మ.

"తప్పు దీనిది కాదు మావయ్యా. పుస్తకంలో సిరా పడితే పడ్డట్టే. ఇందులో వరుస దిగి ఈ పెన్సిల్ బొమ్మ పోయేదాకా రాసింది గాల్లోనే ఉంటుంది. పేజీ తిప్పకపోవడం వల్లే పోతున్నాయి."

ఆయన తెర దగ్గరికి వంగారు. "మరి గడప దగ్గర గుర్తొస్తే?"

"వెనక్కి తిప్పుతాను. రాసి మళ్ళీ దిగుతాను."

ఆయన లేచారు. టేపు అత్తయ్య చేతిలోంచి తీసుకుని టీచరమ్మ ముందు పీట వేసుకున్నారు. ఇరవై రెండు అంకెలూ మళ్ళీ పడ్డాయి. నేను కింది వరుసలోకి దిగాను. ఆమె వెళ్ళడానికి లేచింది, గడప మీద ఆగింది.

"అన్నట్టు, చలికాలం ఎడమ బొటనవేలు తిమ్మిరెక్కుతుందండోయ్. అక్కడ కాస్త వదులుంచండి."

నేను పైవరుసకు ఎక్కి ఆ మాట చేర్చి, మళ్ళీ కిందికి దిగాను. మావయ్య తోలు పరుస్తూ, తలెత్తకుండానే అడిగారు.

"పెన్సిల్ పోయిందా?"

"పోయింది మావయ్యా."

"అయితే ఆ పుస్తకం అటకెక్కించు," అన్నారు.